మూడు సీసాలు, ఒక ఆమేన్

పోయినవాటి లెక్క ముందే చెప్పేస్తాను. తర్వాత చెబుదామనుకుంటే మాటల్లో పడి ఏదో ఒకటి మరిచిపోతాను. రికార్డు ప్లేయరు మీది అద్దం లాంటి ప్లాస్టిక్ మూత ఒకటి. లోపల పళ్లేన్ని తిప్పే రబ్బరు చక్రం ఒకటి. వేగం మార్చే పిడి చుట్టూ తెల్లగా అచ్చువేసిన అంకెలు నాలుగు. మా తాత గొంతు ఉన్న ఒకే ఒక్క పాటలో చరణాలు మూడు, పల్లవి ఒకటి. ఆ పాట చివర అందరూ ఆపేశాక మా తాత ఒక్కడే ఆలస్యంగా అన్న ఆమేన్ ఒకటి. ఇవన్నీ ఒకే మధ్యాహ్నం, ఒకే గదిలో, ఎవరి మనసులోనూ చెడు లేకుండా, శుభ్రం చేయడంలో పోయాయి. దొంగలు ఎత్తుకుపోయినా, ఇల్లు కాలిపోయినా చెప్పుకోవడానికి కాస్త మర్యాదగా ఉండేది. కడిగి పోగొట్టుకున్నామంటే ఎవరూ జాలిపడరు, నవ్వుతారు.

నేను బీరంగూడలో నాలుగైదు దుకాణాలకు లెక్కలు రాస్తాను. ఆ చదువు నేను చదవలేదు. వాళ్లనూ వీళ్లనూ అడిగి, తప్పులు చేసి, చీవాట్లు తిని నేర్చుకున్నాను. అందుకే కాబోలు, తేలని లెక్క ఏదైనా కనబడితే నాకు అన్నం సహించదు. పై లెక్క మాత్రం చిన్నప్పటి నుంచి తేలకుండా నాతోనే ఉంది. దాన్ని మళ్లీ కదిలించింది మా కరుణత్త. మా నాన్నకు, అంటే బాపుకు, చెల్లెలు, ఇప్పుడు పటేల్‌గూడలో ఉంటుంది. మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ సజ్జ మీది సామానంతా దింపించి, నాకు ఫోన్ చేసింది.

"ఎస్తేరూ, మీ నాయనమ్మ రికార్డు డబ్బ దొరికింది. తీస్కపో. గని ఒక్కటే మాట బిడ్డా, దాన్ని సాఫ్ చేయకు."

"దుమ్ము పట్టి ఉంటది గదా అత్తమ్మా. చేయకుంటె ఎట్ల?"

"దుమ్ము ఏం చేయలే దాన్ని. సాఫ్ చేసినోళ్లే చేసిన్రు."

అప్పట్లో మేం పటాన్‌చెరులో వరుసగా ఉన్న కిరాయి గదుల్లో ఉండేవాళ్లం. అన్ని గదులకూ కలిపి ఒకటే వాకిలి, ఒకటే నల్లా, ఒకటే గోడవారగా పొయ్యిలు. మా పక్క గది యాదగిరిది, అతను రంగుల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఆ పక్కది గౌస్ చాచాది, ఆయనది మందుల కంపెనీ. మా బాపు పెద్ద పెద్ద యంత్రాలు తయారుచేసే కార్ఖానాలో ఫిట్టరు. షిఫ్టు సైరన్ కూశాక ఎవరు ముందు ఇంటికొచ్చారో తెలుసుకోవడానికి నేను తలెత్తి చూడనక్కర లేదు, వాసనే చెప్పేది. ముక్కులో గుచ్చుకునే తియ్యటి వాసన వస్తే యాదగిరి. చేదుమాత్ర నాలుక మీద కరిగినట్టుంటే గౌస్ చాచా. కిరోసినూ ఇనుపరజనూ కలిసి వస్తే మా బాపు. స్నానం చేసినా ఆ వాసనలు పోయేవి కావు. మా అమ్మ బాపు చొక్కాలను వేరే బకెట్లో నానబెట్టేది. యాదగిరి భార్య అయితే, "మా ఆయన ఇంట్లకొస్తే దోమలు బయటికి పోతయ్" అని గొప్పగా చెప్పుకునేది.

ఆ గదుల్లో ఇంకో ఆచారం ఉండేది. ఎవరి ఫ్యాక్టరీ సరుకు వాళ్లకు సర్వరోగ నివారిణి. బాపు ఒక సీసాలో కిరోసిన్ పెట్టుకుని సైకిలు గొలుసు మొదలు తలుపు బందుల దాకా అన్నిటికీ దాన్నే పూసేవాడు. ఒకసారి అమ్మ కుట్టుమిషనుకూ పూశాడు, ఆ సంవత్సరం మా జాకెట్లన్నీ అదే వాసన. యాదగిరి దగ్గర థిన్నరు సీసా ఉండేది. నేల మీద మరక పడినా, గోడ మీద పిల్లలు గీసినా థిన్నరే. గౌస్ చాచా ఈ ఇద్దరికంటే శుభ్రమైన మనిషి. జామపండు తినాలన్నా ముందు స్పిరిట్‌తో తుడిచి, అది ఆరాక మళ్లీ నీళ్లతో కడిగి తినేవాడు. మాకు దెబ్బ తగిలితే మాత్రం దొరకకుండా పారిపోయేవాళ్లం, ఆయన ముందు స్పిరిట్ పోసి తర్వాత ఎక్కడ తగిలిందని అడిగేవాడు.

ఇక తాత సంగతి. నేను పుట్టకముందే ఆయన పోయాడు. ఉన్న ఒక్క ఫోటోలో కూడా కళ్లు మూసుకునే ఉన్నాడు. సంగారెడ్డి అవతల ఊళ్లో చర్చి పాటల బృందంలో పాడేవాడట. ఒకసారి పట్నం నుంచి ఎవరో పెట్టెలూ వైర్లూ తెచ్చుకుని, చర్చి ఆవరణలో వాళ్లందరినీ నిలబెట్టి, ఒక పాట రికార్డు చేసుకుపోయారు. కొన్నాళ్లకు పాడినవాళ్లకు తలా ఒక నల్లటి రికార్డు వచ్చింది. వినడానికి తాత దగ్గర యంత్రం లేదు. నడుమ చిల్లు ఉంది కదా అని గోడకు మేకు కొట్టి, క్యాలెండరు పక్కన తగిలించుకున్నాడు. తన గొంతు తాను వినకుండానే పోయాడు. బాపుకు ఉద్యోగం వచ్చి మొదటి బోనస్ చేతికందినప్పుడు నాయనమ్మ చీర వద్దంది. ఆ డబ్బుతో ఒక పాత రికార్డు ప్లేయరు కొనిపించింది. గోడ మీది రికార్డు దిగి మొదటిసారి తిరిగింది అప్పుడే.

పాట కోతల కాలానిది. మొదటి చరణంలో విత్తనాలు చల్లడం, రెండో చరణంలో వాన, మూడో చరణంలో పంట ఇల్లు చేరడం. అందరూ కలిసి పాడుతుంటే తాత గొంతు ఏదో మనం పట్టుకోలేం. నాయనమ్మ మాత్రం పట్టుకున్నాననేది, ఎవరూ నమ్మేవాళ్లు కాదు. కానీ పాట చివర అందరూ ఒక్కసారిగా ఆమేన్ అని ఆగిపోతారు. ఒక క్షణం నిశ్శబ్దం. అప్పుడు ఒకే ఒక గొంతు, గుండె నిండా ఊపిరి తీసుకుని, "ఆ" అని గట్టిగా మొదలుపెడుతుంది. వెంటనే తానొక్కడే మిగిలానని దానికి తెలిసిపోతుంది. "మేన్" అనే సరికి సగం గొంతులోనే ముడుచుకుపోతుంది. అదే మా తాత. పాడేటప్పుడు కళ్లు మూసుకుంటాడు కనుక, ఆపమని చెయ్యి ఊపిన పెద్దమనిషి ఆయనకు కనబడలేదు.

ఏటా క్రిస్మస్ నాడు సాయంత్రం దీపాలు పెట్టే వేళ నాయనమ్మ ఆ రికార్డు ఒక్కసారే వేయించేది. అరిగిపోతుందని రెండోసారి వేయనిచ్చేది కాదు. కజ్జికాయల్లాంటి గరిజెల పళ్లెం చుట్టూ మా వరుస గదుల వాళ్లందరూ కూర్చునేవాళ్లు. అందరూ ఎదురుచూసేది ఆ చివరి ఆమేన్ కోసమే. అది రాగానే పిల్లలం పగలబడి నవ్వేవాళ్లం. నాయనమ్మ కూడా నవ్వి కళ్లు తుడుచుకునేది. "సిగ్గువడ్డడు సూడు" అనేది, ఆయన అప్పుడే ఆ మూలన నిలబడి సిగ్గుపడినట్టు. మిగతా రోజుల్లో రికార్డును చీరకొంగుతో, యంత్రాన్ని తాత పాత ధోతి ముక్కతో తుడిచి, బొద్దింకలు రాకుండా డబ్బా లోపల వేపాకు కుక్కేది. ఆమె పద్ధతీ గొప్పదేమీ కాదు. ఆ ఆకుల తేమకు లోపలి ఇనుప ముక్కలు కొన్ని తుప్పుపట్టాయి. అయినా పాట పలికేది.

ఒక డిసెంబరులో, పండుగ ఇంకా దూరం ఉండగా, డబ్బా పలుకుతుందో లేదో చూద్దామని బాపు మీట నొక్కాడు. శబ్దం పెంచే పిడి తిప్పితే కరకరమంది. పళ్లెం కొంచెం మందంగా తిరిగింది. మామూలు మనిషైతే ఆ దుమ్ము ఊదేసి ఊరుకునేవాడు. మా బాపు ఫ్యాక్టరీ మనిషి. పెద్ద అధికార్లు వచ్చే ముందు కార్ఖానా మొత్తం ఆపి కడిగే అలవాటు ఆయనది. ఏ యంత్రం మొరాయించినా ముందు కడుగు, తర్వాత ఆలోచించు అనేది ఆయన సూత్రం. ముగ్గురికీ ఒకే రోజు సెలవు దొరకడం అరుదు. ఆ వారం దొరికింది. నాయనమ్మ స్త్రీల సమాజం కూటానికి చర్చికి వెళ్లింది. బాపు పాత న్యూస్‌పేపర్లు పరిచి డబ్బాను గది నడుమ పెట్టాడు. పిలవకుండానే యాదగిరీ, గౌస్ చాచా ఎవరి సీసాతో వాళ్లు వచ్చారు.

"అత్తమ్మ వచ్చినంక చేయరాదుండ్రి?" అంది అమ్మ పొయ్యి దగ్గర నుంచి.

"ఆమె వచ్చేసరికి చేసి పెడితే ఖుష్ అయితది," అన్నాడు బాపు, కిరోసిన్ సీసా మూత తీస్తూ.

"కిరోసినా?" యాదగిరి నవ్వాడు. "ఏందన్నా, ఇదేమన్న లారీ ఇంజనా?"

"తిరిగే వస్తువుకు కిరోసినే. నువ్వు నీ థిన్నరు తోటి గోడలు గీక్కోపో."

"గోడలే కాదన్నా, థిన్నరు పడితే అద్దం కూడ కొత్త పెండ్లికూతురు మొకం లెక్క మెరుస్తది."

గౌస్ చాచా చేతులు స్పిరిట్‌తో రుద్దుకుని, డాక్టరులా దూది తుంచుతూ అన్నాడు: "మీరిద్దరు జెర ఆగుండ్రి. సాఫ్ అంటే స్పిరిట్. క్రిమి అన్నది బతకది."

"రికార్డుకు క్రిమి ఎక్కడిది గౌస్ భాయ్?" అన్నాడు బాపు.

"నీకు కనవడ్తలేదు గద? కనవడకుంటనే ఉంటది క్రిమి."

పని పంచుకున్నారు. బాపు పళ్లెం తీసి, దాన్ని తిప్పే రబ్బరు చక్రాన్ని కిరోసిన్‌లో ముంచి ముంచి తోమాడు. పైన గ్రీజు కూడా దట్టంగా పూశాడు. రబ్బరుకు కిరోసిన్ పడదని, ఉబ్బిపోతుందని, పట్టుకుని తిప్పాల్సిన చక్రానికి గ్రీజు పూస్తే జారుతుందని ఇప్పుడు నాకు తెలుసు. ఆ రోజు మాత్రం చక్రం నిగనిగలాడుతుంటే అందరం మెచ్చుకున్నాం. యాదగిరి ప్లాస్టిక్ మూత మీద థిన్నరు గుడ్డ తిప్పాడు. మూత మసకబారింది. మురికి కదులుతోందని ఇంకా తిప్పాడు. మజ్జిగ పోసినట్టు తెల్లబడింది. "ఆరినంక మెరుస్తది," అని గోడకు ఆనించి, అదే గుడ్డతో పిడి చుట్టూ తుడిచాడు. అంకెలు గుడ్డకు అంటుకుని వచ్చేశాయి.

గౌస్ చాచా రికార్డును ఒళ్లో తువ్వాలు మీద పెట్టుకుని, తడిదూదితో అంచు నుంచి లోపలికి, గాడి వెంట, పసిపిల్ల వీపు రుద్దినట్టు తుడవడం మొదలుపెట్టాడు. దూది నల్లగా వచ్చింది. ఆయన దాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు.

"సూస్తున్నరా? ఎంత మురికో!"

"అబ్బా!" అన్నాడు యాదగిరి. "ఇన్నేండ్ల మురికి. అవ్వ కొంగుతోటి తుడుస్తే పోతదా గింత?"

ఇంకో దూది. అదీ నల్లగానే. ఇంకోటి. తుడిచేకొద్దీ మురికి తగ్గాలి కదా, ఇది పెరుగుతోంది. పెరిగేకొద్దీ ముగ్గురికీ ఉత్సాహం. బాపు కూడా చక్రం వదిలేసి వచ్చి దూది తుంచి అందించాడు. నల్లటి దూది ఉండలు పేపరు మీద మేకపెంటికల్లా కుప్ప పడ్డాయి. ఇంత మురికి మోస్తూ తాత ఎట్లా పాడాడా అని నాకే ఆశ్చర్యం వేసింది. అంతలో అమ్మ వచ్చి ఒక ఉండ తీసి వాసన చూసింది.

"ఇది మురికి వాసన కాదు. లక్క వాసన."

"లక్కేంది వదినా?" అన్నాడు యాదగిరి.

"లక్క గాజుల లక్క. మా పెండ్లిల నా గాజుల మీద సెంటు ఒలికి గిట్లనే జిగటైనయ్, గిదే వాసన. మీరు తీసేది మురికి గాదు. పాట తీస్తున్నరు."

నిజమే. ఆ కాలపు రికార్డులను లక్కతో చేసేవాళ్లు. వడ్రంగులు లక్కను కరిగించి పాలిష్ చేసేది స్పిరిట్‌తోనే. ఈ సంగతి పటాన్‌చెరు వడ్రంగి ఎవరిని అడిగినా చెప్పేవాడు. మా ముగ్గురూ ఏ వడ్రంగినీ అడగలేదు. గౌస్ చాచా చేతిలోని తడిదూదిని చూసుకున్నాడు. ఆ క్షణంలో ఆయనకు ఏం తోచిందో, తీసినదాన్ని తిరిగి పెట్టేద్దామన్నట్టు ఆ దూదిని మళ్లీ రికార్డు మీద పెట్టి మెల్లగా ఒత్తాడు. లోపలి అంచున, నడుమ అంటించిన కాగితం చీటీకి ఆనుకుని. అప్పటిదాకా దూది తగలని చోటు అదొక్కటే. తాత ఆమేన్ ఉన్నది సరిగ్గా అక్కడే.

నాయనమ్మ వచ్చేసరికి ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఆమె బైబిలు గూట్లో పెట్టి, ముందు మూత వైపు చూసింది.

"ఏందిరా, మూతకు కంటిపొర వచ్చింది?"

"సర్వీసింగ్ చేసినం అమ్మా," అన్నాడు బాపు, గోడతో చెబుతున్నట్టు.

"పెట్టు."

పళ్లెం రెండు చుట్లు తిరిగి జారిపోయింది. బాపు వేలితో తోస్తూ తిప్పాడు. ముల్లు పెట్టగానే పల్లీలు వేయిస్తున్న శబ్దం. విత్తనాల చరణం అందులోనే మాడిపోయింది. వాన చరణంలో ఒక్క చుక్క పడలేదు. మూడో చరణంలో మాత్రం లోతైన బావిలోంచి ఎవరో పిలిచినట్టు రెండు మూడు మాటలు వినబడ్డాయి. చివర అందరి ఆమేన్ మసకగా వచ్చింది. ఇక తాత వంతు. ముల్లు జిగట మీద కాలు జారిన మనిషిలా ఊగి, గరగరమంటూ చీటీ మీదికి వెళ్లిపోయింది.

"మళ్ల పెట్టు," అంది నాయనమ్మ. ఏడాదికి ఒక్కసారే వేయించే మనిషి. మళ్లీ పెట్టారు. మళ్లీ జారింది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేదని బాపు తర్వాత చాలాసార్లు అన్నాడు. ఆమె మంచం మీద కూర్చుని, "ఆయన పోయిన్నాడు గూడ నేను గింత పరేషాన్ కాలే. ఇది ఉండె గద అనుకున్న," అంది. గౌస్ చాచా జరిగిందంతా ఒప్పుకుని, చోర్ బజారంతా గాలించి అలాంటి రికార్డే తెస్తానన్నాడు. నిజంగానే చాలా ఆదివారాలు తిరిగాడు కూడా. దొరకలేదు. ఆ రోజు నాయనమ్మ దానికి ఒప్పుకోలేదు.

"నాకు రికార్డు వద్దు గౌసూ. పాట గావాలె. తుడిచినోళ్లు ముగ్గురు, చరణాలు మూడు, నోటితోటి పాడి ఇయ్యుండ్రి. విత్తనాలు రత్నం పాడాలె. వాన యాదగిరి. పంట గౌసు. చివరిదాని మీద దూది పెట్టింది గూడ నువ్వే గనక ఆ ఆమేన్ గూడ నీ మీదనే."

రత్నం అంటే మా బాపు. ఆయన గొంతులో ఒకే ఒక్క స్వరం ఉండేది, అది షిఫ్టు సైరన్ స్వరం. యాదగిరి భజనలు పాడే మనిషి కనుక వాన చరణం ఆ పండుగకే ఇచ్చేశాడు. పైగా, "అవ్వా, ఈడ జెర తాళం పెంచుదమా? మంచిగుంటది," అన్నాడు. "పెంచకు. అప్పు కట్టేటోనివి, సోకులు చేయకు," అంది నాయనమ్మ. గౌస్ చాచాకు తెలుగు చదవడం రాదు. పంట చరణాన్ని ఉర్దూ అక్షరాల్లో రాసుకుని, కంపెనీ బస్సులో వల్లెవేశాడు. మొదటి ఏడు ఒక మాట తప్పిందని నాయనమ్మ లెక్కలోకి తీసుకోలేదు, రెండో ఏడు తీసుకుంది. బాపు ఏటా విత్తనాలు చల్లుతూనే ఉన్నాడు, ఒక్కటీ మొలవలేదు. చివరికి ఒక క్రిస్మస్ నాడు నాయనమ్మ చెయ్యెత్తి, "చాలు నాయినా, తీరింది. ఇగ ఎప్పుడు పాడకు," అంది. నా ఎరికలో, మళ్లీ చేయనని ఒప్పుకున్నందుకు అప్పు మాఫీ అయిన మనిషి మా బాపు ఒక్కడే.

మిగిలింది ఆమేన్. గౌస్ చాచా దాని కోసం పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. అందరూ ఆగాక మనసులో మూడు అంకెలు లెక్కపెట్టి అన్నాడు. కళ్లు మూసుకుని అన్నాడు. గోడ వైపు తిరిగి అన్నాడు. ఒక ఏడాది తలుపు అవతల నిలబడి అన్నాడు, అది వినబడనే లేదు. ప్రతిసారీ నాయనమ్మ చెవి ఒగ్గి విని తల అడ్డంగా ఊపేది.

"నువ్వు తెలిసి లేటు చేస్తున్నవ్ గౌసూ. ఆయనకు తెల్వదు."

"తెల్వకుంట లేటు ఎట్ల చేయాలమ్మా? నేర్పు."

"నేర్పుతె తెలుస్తది గద."

ఆఖరి క్రిస్మస్‌కు ఆమె మంచం దిగలేదు. గౌస్ చాచా మంచం పక్కనే నిలబడి అన్నాడు. ఆమె చాలాసేపు ఆలోచించి, "వచ్చే యేడు సూద్దాం గౌసూ," అంది. వచ్చే ఏటికి ఆమె లేదు. డబ్బా కరుణత్త ఇంటికీ, అక్కడి నుంచి సజ్జ మీదికీ చేరింది.

ఇన్నాళ్లకు అది నా బల్ల మీదికి వచ్చింది. అత్త మాట వినకుండా నేను శుభ్రం చేశాను, కానీ మా బాపు సూత్రం తిరగేసి. ముందు ఆలోచించాను. చదివాను, అడిగాను, ఫోన్‌లో వీడియోలు చూశాను. డబ్బా విప్పి లోపల చెయ్యి పెట్టలేదు. పాత యంత్రాల్లో ప్లగ్గు తీశాక కూడా కరెంటు నిలవ ఉంటుంది, అది మనిషిని విసిరికొట్టగలదు. ఆ పనికి పాత యాంప్లిఫయర్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన లోపల పాడైన ముక్కలు మార్చి, పిడి కరకరను దానికి తగిన మందు కొట్టి పోగొట్టి, కొత్త రబ్బరు చక్రం వేశాడు. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు నేరుగా ఇవ్వకుండా వరుసలో ఒక బల్బు కలిపి ఇచ్చాడు. లోపల షార్టు ఉంటే యంత్రం కాలకుండా ఆ బల్బే వెలిగి చెబుతుందట. పైపని నేను చేసుకున్నాను. మెత్తటి కొత్త బ్రష్షుతో దుమ్ము దులిపాను, గట్టిగా పిండిన తడిబట్టతో చెక్క తుడిచాను. డబ్బా లోంచి వచ్చిన వేపాకు ఈనెలను మాత్రం పారేయలేక ఒక కవరులో పెట్టుకున్నాను. రికార్డుకు బ్యాటరీ షాపులో దొరికే శుద్ధమైన నీళ్లు, అందులో ఒక్క చుక్క మెత్తటి సబ్బు. చీటీ తడవకుండా, గాడి వెంటే, మెత్తటి బట్టతో తుడిచి, అవే నీళ్లతో ఇంకోసారి తుడిచి, నీడలో నిలువుగా ఆరబెట్టాను. బట్ట నల్లబడలేదు. అది చూసి వచ్చిన ఆనందం ఏ దుకాణం లెక్క తేలినా రాలేదు. అంకెలు లేవు కనుక పళ్లెం అంచున సుద్దగీత పెట్టి, నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగే చోటు పట్టుకుని, అక్కడ స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టాను. మూత తెల్లగానే ఉంది. ఉండనీ అనుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో గాజుకు ఒక సీసా, నేలకు ఒకటి, స్టీలుకు ఒకటి, దేనికది వేరుగా సూపర్ మార్కెట్లో కొన్నవి ఉన్నాయి. ఏదీ ఎవరి ఒంటి వాసనా కాదు. తప్పు తక్కువైంది, నిజమే. కానీ నా రికార్డు ప్లేయరు మొరాయించిందని తెలిసి, పిలవకుండానే తన సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చే పొరుగువాళ్లు ఇప్పుడు ఎవరని లెక్కపెడితే, ఒక్క పేరూ రాలేదు.

"క్రిస్మస్ దాక ఆగుదామా అత్తమ్మా?" అని అడిగితే కరుణత్త, "ఆగే వయసు ఎవలికున్నది?" అంది. ఒక ఆదివారం మధ్యాహ్నం పటేల్‌గూడలో ఆమె ఇంట్లోనే పెట్టాం. యాదగిరి తెల్లాపూర్‌లో కొడుకు వాళ్ల పదిహేనో అంతస్తు నుంచి దిగి కారులో వచ్చాడు. చేతిలో సీసా.

"థిన్నరు తెచ్చిన ఎస్తేరూ. మూత మెరిపిద్దమా?"

కరుణత్త చేతికందిన చీపురు ఎత్తాక గానీ అది మంచినీళ్ల సీసా అని చెప్పలేదు. గౌస్ చాచా పటాన్‌చెరు నుంచి షేర్ ఆటోలో వచ్చాడు. మనిషి సగమయ్యాడు, శుభ్రం తగ్గలేదు. చెవికి మిషను ఉంది. డబ్బాను చూడగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను ముట్ట. ముందే చెప్తున్న," అన్నాడు. తర్వాత మెల్లగా అత్తను అడిగాడు, "ఆ బాకీ ఇంక నా మీదనే ఉన్నదా అమ్మా?"

"నీ మీదనే. మా అమ్మ మాఫీ చేయలే. నేనెవల్ని చేయనీకి?"

ఆయన తలూపాడు. ఆ వయసులో ఆయన షేర్ ఆటో ఎక్కింది దాని కోసమేనని నాకు అప్పుడు అర్థమైంది.

ముల్లు పెట్టాను. పల్లీల శబ్దం, అప్పటి లాగే. అనుకున్న ప్రకారం దాని మీదే మేం పాడాం. బాపు పోయి చాలా ఏళ్లయింది, ఇక పాడనన్న ఆయన మాట తప్పకుండా విత్తనాల చరణం నేను పాడాను. వాన యాదగిరి అందుకున్నాడు, గొంతు వణికినా తాళం మాత్రం పెంచాడు. పంట గౌస్ చాచాది. ఆయన చెవి మిషను తీసి జేబులో వేసుకుని, "పాటకు ఇది కీఁ అంటది," అని, కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. రికార్డులోంచి బావి లోతు మాటలు రెండు మూడు వచ్చి ఆయన పక్కన నిలబడ్డాయి. అందరం పల్లవి అందుకున్నాం. డబ్బాలో మసక ఆమేన్ వచ్చింది, మేమూ ఆమేన్ అన్నాం, జిగట ఎండిన చోటికి జారకముందే నేను ముల్లు ఎత్తేశాను.

ఫ్యాన్ తిరుగుతోంది. గౌస్ చాచా పెదాలు ఇంకా కదులుతున్నాయి. ఆయన పల్లవి ఆయన లోపల ఇంకా నడుస్తోంది. మేం ఆపేశామని వినబడదు, కళ్లు తెరవలేదు కనుక కనబడదు. యాదగిరి ఏదో అనబోతే అత్త అతని మోకాలు మీద ఒక్కటిచ్చింది. గౌస్ చాచా గుండె నిండా ఊపిరి తీసుకున్నాడు.

"ఆ..."

కళ్లు తెరిచాడు. మేం ముగ్గురం ఆయన్నే చూస్తున్నాం. మిగతా మాట నోట్లోనే ఆగిపోయింది, చెయ్యి నోటి మీదికి వెళ్లిపోయింది. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"అయిపోయిందా? ఎప్పుడు?" అన్నాడు జేబులో మిషను కోసం వెతుక్కుంటూ.

కరుణత్త కొంగుతో కళ్లు అద్దుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేను. "గదే," అంది. "మా నాయినది గట్లనే ఉండె."

గౌస్ చాచా మిషను చెవిలో పెట్టుకుని ముందుకు వంగాడు. "అంటే తీరిందా అమ్మా?"

అత్త చాలాసేపు ఆలోచించింది. నాయనమ్మ కూడా అలాగే ఆలోచించేది.

"సగం. 'ఆ' వచ్చింది. తర్వాతది మింగినవ్. మా నాయిన సిగ్గువడ్డా మింగలే."

"యా అల్లా! ఇన్నేండ్లకు సగమేనా!"

"వచ్చే యేడు సూద్దాం గౌస్ అన్నా."

ఆయన కాదనలేదు. వచ్చే ఏడు ఏ నెలలో, ఏ ఆటోలో రావాలో అక్కడే మాట్లాడుకున్నాడు. నేను పళ్లెం మీద బట్ట కప్పాను. మూత రాలేదు, రాదు. చక్రం కొత్తది వచ్చింది. అంకెల చోట చుక్క ఉంది. చరణాలు మూడూ అందాయి, పల్లవి అందింది. ఇక గౌస్ చాచా మాకు ఇవ్వాల్సింది, అర ఆమేన్.